దారిలో మారిన మనిషి
(కట్టబొమ్మన కథ – చిత్రానువాదంలో పాత్ర పరిణామం)

మా విభాగంలో నాటకం, చలనచిత్రం కలిపి బోధించే పత్రం ఒకటి ఉంది. అందులో భాగంగా విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చాను. మీ ప్రాంతపు చారిత్రక పురుషుడు ఒకరిని తీసుకొని సినిమా కథకు ప్రణాళిక రాయండి, సంభాషణలు వద్దు, ఆ వ్యక్తి మొదట ఎలా ఉన్నాడు, చివరికి ఎలా అయ్యాడు, మధ్యలో ఏ మెట్లు ఎక్కాడు అన్నది మాత్రం రెండు పుటల్లో చూపండి అన్నాను. తరగతిలో ఎక్కువమంది కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు ఇక్కడికి వచ్చాకే దిద్దుకున్నారు. అందరూ ఊహించినట్టే వీరపాండ్య కట్టబొమ్మనను ఎన్నుకున్నారు.

ప్రణాళికలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉన్నాయి. మొదటి పుటలో వీరుడు, చివరి పుటలో వీరుడు, మధ్యలో యుద్ధం. అవి తరగతిలో చదువుతూ ఉంటే విరుదునగరం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి అడిగింది. "అంతా బాగానే ఉండాది సార్. అయితే ఆయన ఎప్పుడు మారినాడు? మొదుట్లో ఎట్లుండాడో కడాకూ అట్లనే ఉండాడే!"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానం.

1. కార్యమా, కర్తా?

సినిమా కథ రాసేవారికి ఈనాడు పాశ్చాత్య గ్రంథాలు చాలా అందుబాటులో ఉన్నాయి. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో ప్రపంచ పురాణాలలోని వీరుల యాత్రకు ఒక సామాన్య రూపాన్ని ప్రతిపాదించాడు. సిడ్ ఫీల్డ్ 1979లో చిత్రానువాదాన్ని మూడు అంకాలుగా విభజించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. తరువాతివారు ఈ రెండింటినీ కలిపి కథానాయకుడి అంతరంగ ప్రయాణానికి పటాలు గీశారు.

మనకూ ఒక పటం ఉంది. ప్రారంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని భరతుడు ఐదు కార్యావస్థలు చెప్పాడు. విద్యార్థులు ఈ రెండు పటాలూ ఒకటే అనుకొని ఒకదాని మీద ఒకటి అతికిస్తుంటారు. అది పొరపాటు. భరతుడి ఐదు అవస్థలు కార్యానికి సంబంధించినవి. ఫలం ఎంత దూరంలో ఉంది, ఎంత దగ్గరైంది అన్నదే అక్కడి లెక్క. ఆ ఫలం కోసం పాటుపడేవాడు ధీరోదాత్తుడైతే మొదటినుంచి చివరిదాకా ధీరోదాత్తుడే. ఆధునికులు లెక్క వేసేది కార్యాన్ని కాదు, కర్తను. కోరుకున్నది దక్కిందా అనేకంటే, కోరుకున్నవాడు అదే మనిషిగా మిగిలాడా అన్నది వారి ప్రశ్న.

రెండూ మంచి పద్ధతులే. అయితే ఏ కథకు ఏది కావాలో తెలియకుండా ప్రణాళిక వేస్తే మా విద్యార్థుల రెండు పుటల వంటివే వస్తాయి.

2. 1959 నాటి చిత్రం

మా విద్యార్థుల మనసులో ఉన్న కట్టబొమ్మన చరిత్ర పుస్తకాల నుంచి వచ్చినవాడు కాడు. బి.ఆర్. పంతులు దర్శకత్వంలో 1959లో వచ్చిన 'వీరపాండియ కట్టబొమ్మన్' నుంచి వచ్చినవాడు. శివాజీ గణేశన్ 1957 నుంచి రంగస్థలం మీద నటించిన నాటకమే ఈ చిత్రానికి మూలం. మాటలు శక్తి కృష్ణస్వామివి. ఈ పాత్రకే శివాజీ గణేశన్ 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో–ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నాడు. పన్ను ఎందుకు కట్టాలని కలెక్టరు జాక్సన్‌ను నిలదీసే సంభాషణను తమిళనాట ఎన్ని బడి వార్షికోత్సవాల్లో పిల్లలు అప్పజెప్పారో లెక్కలేదు. నేనూ అప్పజెప్పినవాణ్ణే.

కనుక ఆ చిత్రాన్ని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. స్వాతంత్ర్యం వచ్చి పన్నెండేళ్లయిన సమాజం తనకు కావలసిన పూర్వీకుణ్ణి తెరమీద నిలబెట్టుకొంది. ఆ పని కోసం ధీరోదాత్తుడే కావాలి. మొదటి దృశ్యంలోనే పూర్తిగా తయారై ఉన్న మనిషి కావాలి. చిత్రం ఆ మనిషిని ఇచ్చింది.

ఇక్కడ తెలుగు విద్యార్థి గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. కట్టబొమ్మన రాజకంబళ నాయకుల కులం వాడు. వాళ్ల ఇంటిభాష తెలుగు, కులదేవత జక్కమ్మ. పూర్వీకుడి బిరుదు 'గెట్టి బొమ్ము' అని, అది తమిళ నోళ్లలో 'కట్టబొమ్ము' అయిందని వంశకథ చెబుతుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం ఉండడం వల్ల ఈ మార్పు సులువు. చిత్రం తెలుగులోకి డబ్బింగ్ అయినప్పుడు దాని పేరు 'వీరపాండ్య కట్టబ్రహ్మన'. తెలుగు పేరు ఒకటి తమిళంలోకి వెళ్లి, తిరిగి ఇంటికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేకపోయారన్నమాట. మరో విశేషం. కట్టబొమ్మన చరిత్రను గ్రంథంగా రాసి, ఈ చిత్రానికి చారిత్రక సలహాదారుగా నిలిచినవారు మ.పొ. శివజ్ఞానం. తిరుత్తణి కోసం ఆంధ్రతో సరిహద్దు పోరాటం నడిపిన తమిళ నాయకుడు ఆయనే. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడన్న ప్రశ్న ఆయనకు అడ్డు రాలేదు. మనకూ అడ్డు రాకూడదు. కట్టబొమ్మన తెలుగువాడని మురిసిపోవడం ఈ వ్యాసం పని కాదు. ఆయన మనిషి ఎప్పుడయ్యాడు, వీరుడు ఎప్పుడయ్యాడు అన్నదే మన ప్రశ్న.

3. దారి

చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం.

1792 ఒప్పందంతో పాళెగాళ్ల దగ్గర కప్పం వసూలు చేసే అధికారం కంపెనీ చేతికి వచ్చింది. 1798 నాటికి పాంచాలంకురిచ్చి బాకీ 3310 వరహాలు. ఆగస్టు 18న కలెక్టరు జాక్సన్ తనను రామనాథపురంలో కలవమని కట్టబొమ్మనకు తాకీదు పంపాడు. పంపినవాడు మాత్రం ఒకచోట ఉండలేదు, పర్యటనలో ఉన్నాడు. కట్టబొమ్మన కుర్తాళం వెళ్లాడు. దర్శనం దొరకలేదు. శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాడు. అక్కడా దొరకలేదు. ఒక పాళెం ఏలిక తన పరివారంతో కలెక్టరు వెనక వారాల తరబడి తిరిగాడు. చివరికి సెప్టెంబరులో రామనాథపురంలో కలిసే అవకాశం ఇచ్చి, మూడు గంటలు నిలబెట్టారని చెబుతారు. ఆ తరువాత కోట వాకిట్లో పెనుగులాట జరిగింది. లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన బయటపడ్డాడు గాని ఆయన మంత్రి శివసుబ్రమణ్య పిళ్లై పట్టుబడ్డాడు.

చిత్రం మన జ్ఞాపకంలో నిలిపింది సభను. చరిత్రలో మనిషి మారింది దారిలో. ఆయన తిరుగుబాటు చేయడానికి బయలుదేరలేదు. మాట్లాడుకొని బాకీ సంగతి తేల్చుకోవడానికి బయలుదేరాడు. కుర్తాళానికి వెళ్లిన మనిషి వేరు, రామనాథపురం కోట వాకిలి దాటి బయటపడిన మనిషి వేరు. ఈ తేడాయే పాత్ర పరిణామం. అది పన్నుకు సంబంధించిన వాదంలో పుట్టలేదు, నిరీక్షణలో పుట్టింది. నిరీక్షణను సంభాషణగా రాయడం కష్టం, దృశ్యంగా చూపడం సులువు. కెమెరా చేయగలిగి నాటకం చేయలేని పని అదే. నాటకం నుంచి వచ్చిన చిత్రం కావడం వల్లనే సభకు అంత బలం, దారికి అంత బలహీనత వచ్చాయని నా అభిప్రాయం.

4. ఎవరికీ గుర్తులేని మజిలీ

ఇంతకంటె ముఖ్యమైన ఘట్టం తరువాత ఉంది. రామనాథపురం నుంచి తిరిగివచ్చిన కట్టబొమ్మన కత్తి దూయలేదు. తనకు జరిగిన అవమానం గురించి మద్రాసు ప్రభుత్వానికి ఫిర్యాదు పంపాడు. గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ మంత్రిని విడుదల చేయించి విచారణ సంఘాన్ని నియమించాడు. 1798 డిసెంబరులో కట్టబొమ్మన ఆ సంఘం ముందు హాజరై జరిగింది చెప్పుకొన్నాడు. ఆయన తప్పు లేదని సంఘం తేల్చింది. జాక్సన్ ఉద్యోగం పోయింది, లషింగ్టన్ కొత్త కలెక్టరుగా వచ్చాడు. కట్టబొమ్మన బాకీలో చాలాభాగం చెల్లించాడు. మిగిలింది 1080 వరహాలు.

మా విద్యార్థులు ఇది వినగానే నిరాశపడ్డారు. "కట్టినాడా సార్?" అని ఒకడు నొచ్చుకొంటూ అడిగాడు. కట్టాడు. కంపెనీ వాళ్ల దగ్గరే న్యాయం అడిగాడు, న్యాయం పొందాడు, పన్నూ కట్టాడు. వీరగాథకు ఇది అడ్డం. చిత్రానువాదానికి మాత్రం ఇదే ప్రాణం. గెలిచిన మనిషి, బాకీ తీరవచ్చిన మనిషి, ఇంట్లో కూర్చుంటే పాళెం దక్కే మనిషి మరుసటి సంవత్సరమే శివగంగ మరుదు సోదరులతో చేతులు కలిపి, చుట్టుపక్కల పాళెగాళ్లను కూడగట్టే పనికి ఎందుకు దిగాడు? అవమానానికి ప్రతీకారం అనడానికి వీలులేదు, అవమానించినవాడి ఉద్యోగం అప్పటికే పోయింది. బాకీ భయం అనడానికీ వీలులేదు. కనుక అంతకంటె లోతైనదేదో ఆయన కళ్లకు కనబడి ఉండాలి. ఒక కలెక్టరు పోతే ఇంకొక కలెక్టరు వస్తాడని, తాకీదు పంపే అధికారం మాత్రం ఎక్కడికీ పోదని ఆయన గ్రహించాడని నేను ఊహిస్తాను. ఇది నా ఊహ మాత్రమే, రికార్డులో ఉన్న మాట కాదు. రచయిత ఊహకు చోటు ఉన్నది సరిగ్గా ఇక్కడే. పన్ను కట్టలేదని మార్చి రాసే హక్కు రచయితకు లేదు. కట్టినవాడు ఎందుకు తిరగబడ్డాడో చెప్పే బాధ్యత ఉంది.

కాశీమజిలీ కథలు విన్నవారికి మజిలీ అంటే ఏమిటో తెలుసు. బస చేసిన ప్రతిచోటా ఒక వింత, ఆ వింత వెనక ఒక కథ. పాత్ర పరిణామానికి నేను ఈ మాటనే వాడతాను. ఈ కథలో మజిలీలు ఏడు: పాంచాలంకురిచ్చి, కుర్తాళం, శ్రీవిల్లిపుత్తూరు, రామనాథపురం, విచారణ సంఘం, 1799 సెప్టెంబరు 5న బానర్‌మన్ సేన ముట్టడించిన కోట, చివరిది కయత్తారు. కయత్తారులో పాళెగాళ్లందరినీ పిలిపించి, వాళ్ల కళ్లెదుట విచారణ తంతు నడిపి, 1799 అక్టోబరులో ఆయనను ఉరితీశారు. ఆరోపణలను ఆయన కాదనలేదని చరిత్రకారులు రాశారు. విచారణలు రెండు జరిగాయి. మొదటిదానిలో తన నిర్దోషిత్వం నిరూపించుకోవడానికి వెళ్లినవాడు రెండవదానిలో దానికోసం నోరు విప్పలేదు. ఈ రెండు దృశ్యాలను ఎదురెదురుగా పెట్టగలిగితే వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

5. మేము – మనం

ఇక నా శాస్త్రం నుంచి ఒక పనిముట్టు ఇస్తాను. పాత్ర మారిందని ప్రేక్షకుడికి ఎలా తెలియాలి? ఇంగ్లీషు గ్రంథాలు నిర్ణయాల ద్వారా తెలియాలంటాయి. నిజమే. కాని మన భాషలకు ఇంకో సదుపాయం ఉంది. ఇంగ్లీషులో ఉత్తమ పురుష బహువచనం ఒకటే. తెలుగులో మేము, మనం అని రెండు. తమిళంలోనూ నాంగళ్, నామ్ అని రెండు. మేము అంటే వినేవాడు బయట, మనం అంటే వినేవాడు లోపల. ఇది ద్రావిడ భాషల పాత ఆస్తి. మన విద్యార్థులకు రెండు భాషల్లోనూ పుట్టుకతో వచ్చింది.

కట్టబొమ్మన ఏడు మజిలీలను ఈ సర్వనామాలతో రాసి చూడండి. పాంచాలంకురిచ్చిలో ఆయన మాట్లాడేది ఏలిక వాడే 'మేము'. అందులో బహువచనం గౌరవార్థకం, దాని వెనక ఉన్నది ఒక్కడే. కుర్తాళంలో, శ్రీవిల్లిపుత్తూరులో ఆ 'మేము' వినేవాడు లేడు. అక్కడ మొదటిసారి 'నేను' అనవలసి వస్తుంది, అదీ తన మనుషుల దగ్గర. విచారణ సంఘం ముందు 'నేను' మరింత గట్టిపడుతుంది: నాకు జరిగింది, నన్ను నిలబెట్టారు అని. 1799లో ఇతర పాళెగాళ్ల వాకిళ్లకు వెళ్లినప్పుడు, నిన్నటిదాకా సరిహద్దు తగాదాలు పడినవాళ్లతో 'మనం' అనాలి. ఏలిక నోటికి అది ఎంత కష్టమైన మాటో! మొదటిసారి అన్నప్పుడు తడబడాలి. ఎదుటివాడు దాన్ని అందుకోకుండా 'మీరు' అని జవాబివ్వాలి. ఒక సర్వనామం కోసం ఒక దృశ్యం రాయవచ్చు.

ప్రణాళిక వేసేటప్పుడు ప్రతి మజిలీ పక్కన ఈ ఒక్క మాట రాసుకోమని విద్యార్థులకు నా సలహా. మొదటి మజిలీలోనూ చివరి మజిలీలోనూ ఒకే సర్వనామం ఉంటే పాత్ర ప్రయాణం చేయలేదని అర్థం.

6. మారనివాడి సంగతి

ప్రతి పాత్రా మారితీరాలా అని అడగవచ్చు. అక్కరలేదు. ఇందుకు ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. కట్టబొమ్మన పడిగాపులు పడిన శ్రీవిల్లిపుత్తూరు, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదకు నెలవు చేసుకొన్న విల్లిపుత్తూరు ఒకటే. ఇప్పుడది విరుదునగరం జిల్లాలో ఉంది. మా విద్యార్థులు బస్సులో దాటిపోయే ఊరు తెలుగు పంచకావ్యాల్లో ఒకదానికి రంగస్థలమని చెబితే నమ్మరు.

ఆ కావ్యంలోని మాలదాసరి కథ చూడండి. కురుంగుడి దేవుణ్ణి పాడి కొలవడానికి వెళ్తూ దాసరి బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. దేవుణ్ణి సేవించి తిరిగి వస్తానని మాట ఇస్తాడు, మాట ప్రకారం వస్తాడు. దాసరి వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడో వచ్చేటప్పుడూ అలాగే ఉన్నాడు. మారింది రాక్షసుడు. తినడానికి పట్టుకొన్నవాడే చివరికి దాసరి కాళ్లమీద పడి అతని పాట ఫలం యాచిస్తాడు. అంటే మారని పాత్రను నాయకుణ్ణి చేస్తే, అతణ్ణి చూసి మారేవాడు ఒకడు ఎదురుగా ఉండాలి. 1959 నాటి చిత్రాన్ని నేను తప్పుపట్టేది ఇక్కడ. మారని కట్టబొమ్మనను చూపడం తప్పు కాదు, మారే మనిషిని ఎదురుగా బలంగా నిలపకపోవడం లోపం.

అలాంటివారు ఇద్దరు ఉన్నారు. ఒకడు తమ్ముడు ఊమైత్తురై. ఆ పేరుకు మూగదొర అని అర్థం. అన్న ఉరి తరువాత పాళయంకోట చెరలో ఉన్నవాడు 1801 ఫిబ్రవరిలో తప్పించుకొని, నేలమట్టమైన కోటను తిరిగి లేపి, నెలల తరబడి కంపెనీ సేనను నిలవరించాడు. ఎదుటి పక్షంలో పోరాడిన వెల్ష్ 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఇతణ్ణి మెచ్చుకొంటూ రాశాడు. గడ్డిపరకలు ఎడమ అరచేతిలో పేర్చి అవి ఇంగ్లీషువాళ్లని సూచించి, రెండో చేత్తో ఊడ్చేసేవాడట, అదే దాడికి సంకేతమట. సంభాషణ లేకుండా నాయకుడైన మనిషి! మూకీల కాలం నుంచి సినిమా ఎదురుచూసిన పాత్ర ఇది. 'మేము' గాని 'మనం' గాని నోటితో అనలేనివాడు అరచేతిలో గడ్డిపరకలతో అందరిచేతా 'మనం' అనిపించాడు. అతనికీ 1801 నవంబరులో ఉరే ప్రాప్తించింది.

రెండోవాడు ఎట్టయపురం పాళెగాడు. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఆ ఊరి ఏలికలు కూడా తెలుగు మాట్లాడే కంబళ నాయకులే. తమిళంలో 'ఎట్టప్పన్' అంటే ఈనాడు ద్రోహి అని అర్థం. ఒక వంశం పేరు తిట్టుగా మారింది. పాంచాలంకురిచ్చితో వాళ్లకు పాత సరిహద్దు తగాదాలున్నాయి, కంపెనీ వైపు నిలిచినందుకు భూములూ దక్కాయి. అది సమర్థనీయమని నేను అనను. కాని ద్రోహిగానే తెరమీదికి వచ్చి ద్రోహిగానే వెళ్లిపోయే మనిషి పాత్ర కాదు, చీటీ అంటించిన బొమ్మ. ఒక భాష, ఒక కులం, ఒక దేవత ఉన్న ఇద్దరు పొరుగువాళ్లలో ఒకడు 'మనం' అన్నప్పుడు రెండోవాడు 'మీరు' అని ఎందుకు జవాబిచ్చాడు? దీనికి ప్రణాళికలో చోటులేకపోతే కట్టబొమ్మన ప్రయాణమూ సగమే.

7. ముగింపు

కోవిల్‌పట్టి నుంచి కయత్తారు వెళ్లే దారిలో ఇడైసెవల్ వస్తుంది. కి. రాజనారాయణన్ పుట్టిన ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసి 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రచయిత. ఆయన 2021లో మరణించాక కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కూడా వెలిసింది. ఈ నల్లరేగడి మనుషులను వీరులుగా కాక మనుషులుగా చూడడం ఆయన నేర్పాడు. ఇంకాస్త ముందుకు పోతే కయత్తారులో, శివాజీ గణేశన్ పూనికతో 1970లో వెలసిన కట్టబొమ్మన విగ్రహం కనిపిస్తుంది. దారిలో ఇద్దరూ ఎదురుపడతారు. విగ్రహం మారదు. మారవలసిన పని దానికి లేదు. చిత్రానువాదం రాసేవాడు మాత్రం విగ్రహం దగ్గర దిగి, అక్కడినుంచి వెనక్కి నడవాలి.

ప్రశ్న అడిగిన అమ్మాయి తన ప్రణాళికను తిరిగి రాసి తెచ్చింది. అందులో యుద్ధం నాలుగు పంక్తులు. శ్రీవిల్లిపుత్తూరు ఒక పుట నిండా ఉంది. కలెక్టరు విడిది బయట వేపచెట్టు నీడ, పొద్దు వాలేకొద్దీ నీడతోపాటు జరుగుతూ కూర్చునే ఏలిక, లోపలినుంచి ఎవరూ రాకపోవడం. చీకటి పడ్డాక మంత్రి వచ్చి "పోదామా దొరా?" అంటాడు. ఏలిక లేచి, మొదటిసారి తన గుర్రాన్ని తానే విప్పుకొంటాడు. పుట అంచున పెన్సిలుతో 'నేను' అని రాసి ఉంది.

అక్షరదోషాలు పదకొండు దిద్దాను. ఆ పుటలో దిద్దవలసింది ఇంకేమీ కనబడలేదు.